తూర్పు పక్క ఎరువు

పెళ్ళయి అత్తవారింటికి పోయిన రెండో రోజే నాకు ఎరువు దిబ్బను చూపించారు. మా అత్త నా చేతికి తట్ట ఇచ్చి, పేడ ఎక్కడ వేయాలో, చల్లారిన బూడిద ఎక్కడ చల్లాలో చెప్పింది. తొంభైల మొదట్లో సంగతి ఇది. నేను గురుబరపల్లి పక్కన, హైవే మీది ఊళ్ళో పుట్టి, పదో తరగతి పాసై, సైకిల్ మీద బడికి పోయివచ్చిన దాన్ని. పేడ తట్ట దగ్గరికి రాగానే ముక్కు మూసుకున్నాను. "రెండు చేతులా తట్ట పట్టుకుంటే, ముక్కు మూసుకోను మూడో చెయ్యి యాడిదమ్మా నీకు?" అని మా ఏరాలు నవ్వింది. ఏరాలంటే మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడ రాస్తున్నదంతా ఆమె గురించే, ఆమెకు నేను చేసిన పని గురించే.

మాది హోసూరు నుంచి అంచెట్టికి పోయే దారిలో, రోజుకు రెండుసార్లు బస్సు వచ్చే ఊరు. అన్నదమ్ములిద్దరూ నా పెళ్ళికి ముందే వేరుపడ్డారు. భూమి పంచుకున్నారు, ఇంటి నడుమ గోడ కట్టుకున్నారు, ఆవుల్ని పంచుకున్నారు, చివరికి చింతచెట్టు కొమ్మల్ని కూడా పంచుకున్నారు. దిబ్బ ఒక్కటే ఉమ్మడిగా ఉండిపోయింది. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో అదే పద్ధతి. రెండు ఇళ్ళ పేడా, కసువూ, రాగి పొట్టూ, ఆవులు తినగా మిగిలిన కట్టెపుల్లలూ అన్నీ ఒకే చోట పడతాయి. ఎవరు ఎన్ని తట్టలు వేశారని ఎవరూ అడగరు. వానలు వెనకబట్టాక కార్తీకంలో దిబ్బ తీస్తారు. ఆ రోజు నడిమధ్యన ఒక తాడు పరుస్తారు. పొద్దు పొడిచే పక్క పెద్ద ఇంటికి, పొద్దు గూకే పక్క చిన్న ఇంటికి. మేము చిన్న ఇంటి వాళ్ళం.

దిబ్బ విషయంలో అక్కకు తెలిసినంత ఆ ఊళ్ళో మగవాళ్ళకు కూడా తెలియదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి వేడి చూసేది. ఒక పిడికెడు తీసి వాసన చూసేది. నేను ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. "పచ్చి ఎరువు, పచ్చి మాట, రెండూ ఒకటేమ్మా. ఉడికినంక వేస్తే బలం, ముందే వేస్తే మంట" అనేది. యూరియా బస్తాలు అప్పటికే మా ఊరికి వస్తున్నాయి. ఆమె వాటిని చూసి నవ్వేదే కానీ తిట్టేది కాదు. ఆమెకు ఎవర్నీ తిట్టడం రాదు. తిట్టే పని మా ఇంట్లో నాది.

రెండు ఇళ్ళకూ మల్బరీ తోట ఉండేది. రెండు ఇళ్ళకూ పట్టుపురుగుల గది ఒక్కొక్కటి. పట్టుపురుగుల్ని పెంచే ఇంట్లో ఎరువుకు కొదవ ఉండదు. రోజుకు నాలుగుసార్లు ఆకు వేయాలి, తట్టల కింద మిగిలిన ఈనెలూ, పురుగు వేసిన నల్లటి పెంటా రోజూ తీయాలి. ఆ చెత్త దిబ్బలో పడి మాగితే దాన్ని మించిన ఎరువు లేదు. ఆకు పురుగుకు, పురుగు పెంట దిబ్బకు, దిబ్బ మళ్ళీ ఆకుకు. కానీ పురుగుకు రోగం వస్తే ఆ చెత్తను దిబ్బకు పోనివ్వకూడదు. పట్టుపురుగుల ఆఫీసు నుంచి నెలకొకసారి వచ్చే ఆయన ప్రతిసారీ చెప్పేవాడు: కాల్చండి, లేకపోతే దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి, తోటకు మాత్రం చేరనివ్వకండి. ఊళ్ళో ఆయన మాటలు నోటుబుక్కులో రాసుకున్నది నేనొక్కదాన్నే. అది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలియక చేశానని అనడానికి నాకు వీలు లేదు.

పురుగుల గదికి ఆఫీసువాళ్ళ నియమాలు కొన్ని, ఊరి నియమాలు కొన్ని. మైల ఉన్నవాళ్ళు లోపలికి పోరాదు. చావింటికి పోయివచ్చినవాళ్ళు తలస్నానం చేయకుండా గడప తొక్కరాదు. నేను వాటిని లోలోపల వెక్కిరించేదాన్ని. అక్క మాత్రం గుడికి పోయినట్టు పోయేది ఆ గదిలోకి. ఆమె చేతివాసి మంచిదని ఊరంతా పేరు. ఎవరి ఇంట్లో గుడ్లు పగిలి చిన్న పురుగులు వచ్చినా, మొదటి ఆకు వేయడానికి ఆమెనే పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె భర్త, మా బావ, లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికి వస్తే ఎక్కువ. ఆయన ఇంటి పెద్ద అని పేరుకే. ఆ ఇల్లు నిలబడింది ఆ చేతివాసి మీదే, ఊళ్ళో ఆమెకున్న మర్యాదంతా దానివల్లనే.

నాకు ఆ పేరు మీద కన్ను ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం? నా మొదటి మూడు పంటలూ బాగా వచ్చాయి. చదువుకున్న పిల్ల, లెక్కగా చేస్తుంది అన్నారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. కింది వీధిలో ఒకరి పంట పోతే, శుభ్రం తెలియనివాళ్ళకు పురుగులెందుకు అని బోరు దగ్గర పదిమందిలో అన్నాను. ఆ మాట అని నెల తిరగలేదు. ఆషాఢంలో చలిగాలీ తుంపర్లూ పట్టుకున్నాయి. ఒక ఉదయం ఆకు వేయబోతే తట్ట మూలన నాలుగు పురుగులు కదల్లేదు. మరునాటికి అవి గట్టిపడి తెల్లగా సున్నం పూసినట్టు అయ్యాయి. సున్నపుకట్టు అంటారు ఆ రోగాన్ని. రెండు రోజుల్లో సగం పంట పోయింది.

కాల్చాలి. కానీ పురుగుల్ని కాల్చిన పొగ వాసన మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. పొగ లేస్తే బోరు దగ్గర నేనన్న మాట నాకే తిరిగి వస్తుంది. గుంత తీద్దామంటే అందరూ తిరిగే దారి. అంచెట్టి సంత రోజు దాకా ఆగాను. ఆ మధ్యాహ్నం వీధిలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. చచ్చిన పురుగుల్నీ వాటి చెత్తనూ ఆరు తట్టలకు ఎత్తుకుని దిబ్బ దగ్గరికి మోశాను. పారతో తవ్వి లోపల వేసి, పైన పేడ కప్పి, కాలితో తొక్కి సమం చేశాను. మా ఆయనతో కాల్చేశానని చెప్పాను. ఊరికి, ఈసారి ఆకు చాలక తక్కువ మేపామని చెప్పాను.

తవ్వింది తూర్పు పక్క. చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, అటు కొట్టం గోడ అడ్డం ఉంది, వీధిలోకి కనబడదు, అందుకే అటు వేశాను అని. అబద్ధం. పడమటి పక్క కూడా అరటి చెట్ల చాటు ఉంది. పార పట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాను. ఇది మా తోటకు రాకూడదు అనుకున్నాను. మా తోటకు రాకపోతే ఎవరి తోటకు పోతుందో నాకు తెలుసు. తెలిసే అటు నడిచాను. అక్క మీద నాకు పగ లేదు. మరి ఎందుకు చేశావంటే, రోగం మా ఇంటికి తిరిగి రాకుండా ఉంటే చాలుననుకున్నాను, అంతే. అది పగ కంటే నీచం అని తర్వాత తెలిసింది.

మా పక్క దీపావళికి దిబ్బ మీద కూడా దీపం పెడతారు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసే పోయాం. అక్క పేడముద్ద చేసి, ప్రమిదను అందులో నిలిపి, పసుపు చల్లి, దిబ్బకు దండం పెట్టింది. నన్నూ పెట్టమంది. వంగితే నేను కాలితో తొక్కిన చోటు సరిగ్గా నా ముఖం కింద ఉంది. దిబ్బ నన్ను ఏమీ అనలేదు. నేనే లేచి, గాలి ఎక్కువగా ఉందక్కా, దీపం నిలవదు పద, అన్నాను.

కార్తీకంలో తాడు పరిచారు. వాళ్ళ పక్కది వాళ్ళ తోటకు, మా పక్కది మా తోటకు బండ్ల మీద పోయింది. అక్కే చేతులతో తన తోటలో మొదలు మొదలుకూ ఎరువు వేసింది. ఆ రోజు నేను ఒంట్లో బాగాలేదని ఇంట్లో పడుకున్నాను. అన్ని నెలలు మాగింది కదా, రోగం చచ్చిపోయి ఉంటుంది అని దేవుడికి మొక్కుకున్నాను. కొట్టం గోడవార దిబ్బ లోపల వేడి పుట్టదని నాకు తెలుసు. అక్కే చెప్పింది ఆ సంగతి, నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో.

పుష్యంలో మంచు దట్టంగా పడుతున్న రోజుల్లో, ఆమె పురుగులు నాలుగో జ్వరం లేచాయి. పురుగు కుబుసం విడవడాన్ని జ్వరం అంటారు. నాలుగోది లేచాక వారం మేపితే గూడు కడుతుంది. ఆ వారంలోనే సున్నం కట్టింది. అక్క ఒక తెల్లటి పురుగును అరచేతిలో పెట్టుకుని గడప మీదికి వచ్చింది. ఆమెకు అంతకు ముందు ఒక్కసారి కూడా పంట పోలేదు. ఈసారి మొత్తం పోయింది. ఆమె అదే రోజు దూరంగా గుంత తీయించి, అందరూ చూస్తుండగా కాల్చి, సున్నం వేసి పూడ్పించింది. నాలాగ దాచుకోలేదు.

నిజం చెప్పాలంటే ఆ రోగం గాలికి వస్తుంది, మంచుకు వస్తుంది, మనుషుల కాళ్ళకు అంటుకుని వస్తుంది. దిబ్బ నుంచే వచ్చిందని ఏ ఆఫీసూ రాసివ్వదు. నాకు మాత్రం అనుమానం లేదు.

నాలుగు రోజుల ముందు అక్క పై వీధిలో ఒక ముసలమ్మ చనిపోతే చూడ్డానికి పోయివచ్చింది. మా అత్త అది పట్టుకుంది. "చావింటికి పోయొచ్చిన కాళ్ళతో పురుగుల గదిలోకి పోతివి. సున్నం కట్టక యేమవుతాది?"

"తానం చేసే పోయినాను అత్తా" అంది అక్క. మళ్ళీ తనే అంది. "తలకు పోసుకోలేదు. పొద్దు పోయినాదని ఒంటికి పోసుకుని పోయినాను. నాదే తప్పు."

తేలు కుట్టిన దొంగలాగ నోరు మూసుకుని ఉన్నా కొంత నయంగా ఉండేది. నేను నోరు తెరిచాను. మైలనీ అంటునీ వెక్కిరించే పదో తరగతి దాన్ని, అక్క ముఖంలోకి చూస్తూ, "మైల పురుగుకు పడదంటారు గదక్కా" అన్నాను. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

తర్వాత ఎవరూ మొదటి ఆకు వేయడానికి ఆమెను పిలవలేదు. రెండు ఇళ్ళవాళ్ళు నన్ను పిలిచారు, నేను పోయాను కూడా. ఆమె మాత్రం పురుగుల్ని వదల్లేదు. చావిళ్ళకు పోవడం మానేసింది. ఏడాదిలో ఎప్పుడు చూసినా గదిలో ఏదో ఒక పంట ఉంటుంది కాబట్టి, మానేసిందంటే పూర్తిగా మానేసినట్టే. మా ఊళ్ళో పెళ్ళికి రాకపోతే సర్దుకుంటారు, చావుకు రాకపోతే మరిచిపోరు. ఆమెను చాటున ఏమేమో అన్నారు.

మూడేళ్ళ తర్వాత ఒక రోజు పన్నెండు గంటల బస్సులో ఒకాయన దిగి, అక్క తల్లి చనిపోయిందని చెప్పాడు. ఊత్తంగరై అవతల వాళ్ళ పుట్టిల్లు. మూడు బస్సులు మారాలి, అప్పుడే బయల్దేరితే సాయంత్రానికి అందుకోవచ్చు. అక్క పురుగుల గది గడప మీద ఆకు గంపతో నిలబడి ఉంది. పురుగు నాలుగో జ్వరం లేచి రెండు రోజులు. పోతే మూడు రోజుల మైల, గదిలోకి రాలేదు.

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పమ్మా. పోదునా?" అని అడిగింది నన్ను.

ఆ మాట ఆమె నన్నే అడిగింది. పక్కన ఎవరూ లేరు. అక్కా, మైలవల్ల ఏ పురుగూ చావదు, నీ పంట పోయింది నావల్ల, పో, అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పోనీ, నేను మేపుతాను పోయిరా అన్నా సరిపోయేది. మళ్ళీ ఏదైనా అయితే నా మీదికి వస్తుందని భయపడ్డాను. "నీ ఇష్టం అక్కా" అన్నాను.

ఆమె పోలేదు. బావ ఒక్కడే ఎక్కడో లోడు దింపి, అటు నుంచి అటే పోయాడు. అక్క ఆ రోజు నాలుగుసార్లూ ఆకు వేసింది. ఏడుపు వచ్చినప్పుడు గది బయటికి వచ్చి, గోడకు తల ఆనించి ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికి పోయింది. నేను మా ఇంట్లో గోడకు ఇవతల ఆ ఏడుపు వింటూ రాగిముద్ద కెలికాను. తిన్నాను కూడా.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం వచ్చింది. చదువుకున్నదాన్నని నన్నే నాయకురాలిని చేశారు. వానపాముల ఎరువు, కంపోస్టు ఎరువు అని కృష్ణగిరిలో ఒక రోజు శిక్షణ పెడితే పదిమందిమి పోయాం. అక్క నా పక్కనే కూర్చుంది. ఒక చిన్న వయసు అమ్మాయి తమిళంలో చక్కగా చెప్పింది. ఏ చెత్త వేయొచ్చు, ఏది వేయరాదు, దిబ్బను ఎన్నిసార్లు తిరగవేయాలి. అక్క మధ్యలో రెండు ప్రశ్నలు అడిగితే ఆ అమ్మాయే ఆశ్చర్యపోయింది. చివర్లో పట్టుపురుగుల సంగతి వచ్చింది. సున్నపుకట్టు వచ్చిన చెత్తను మాగకుండా తోటకు వేస్తే రోగం మళ్ళీ పురుగుల గదికే వస్తుంది అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి బయటికిపోయి నీళ్ళు తాగి వచ్చాను. అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. ఎవరూ చూడలేదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. నా వైపు తిరిగి, "అట్ల గూడా యెవురన్నా వేస్తారామ్మా?" అంది. ఊరికే అడిగింది. ఆమెకు నిజంగానే అలాంటి మనిషి ఉంటుందని తోచలేదు.

చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు. ఆ ప్రశ్నకు అబద్ధం తొందరగా దొరకలేదు, అందుకు. సంత రోజు, ఆరు తట్టలు, పార, అన్నీ చెప్పాను. ముందు సీట్లో మా సంఘం ఆడవాళ్ళు ఉన్నారని గొంతు తగ్గించి చెప్పాను. అప్పుడు కూడా నాకు ఆ భయం పోలేదు.

ఆమె అడిగింది ఒక్కటే. "యే పక్క వేసినావు?"

"తూర్పు పక్క."

ఆమె కిటికీ వైపు తిరిగింది. రాయకోట దాటింది, దెంకణికోట దాటింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఆ ఏడుపు నాకే అసహ్యంగా ఉంది. మా ఊరి మలుపు దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, "అట్లయితే ఆ పొద్దు మా యమ్మను చూసుకోను పోయుండొచ్చు" అంది. నన్ను అడగలేదు, నా మీద అరవలేదు. తనకు తాను చెప్పుకుంది.

మరునాడు ఉదయమే గోడ దగ్గరికి వచ్చి పిలిచింది. చేతిలో బట్టల సంచి ఉంది. "మూడు దినాలు నా పురుగుల్ని నువ్వు మేపు. నేను మా యమ్మ ఊరికి పోయొస్తాను."

"ఇప్పుడు పోయి ఏం చూస్తావక్కా?" అన్నాను. నా నోటికి ఇంకా బుద్ధి రాలేదు.

"యేముంటే అది చూస్తాను" అని బస్సుకు పోయింది.

ఆ మూడు రోజులూ నేను ఆమె గదిలో పన్నెండుసార్లు ఆకు వేశాను. ప్రతిసారీ కాళ్ళు కడుక్కున్నాను, చేతులు కడుక్కున్నాను. తట్ట మీద తట్ట తీసి, ఎక్కడైనా తెల్లటి పురుగు ఉందేమోనని వెతికాను. నన్ను నమ్మి అప్పజెప్పిందో, శిక్షగా అప్పజెప్పిందో నాకు తెలియదు. నమ్మి ఉంటే నాకు ఎక్కువ సిగ్గు. శిక్ష అయితే బాగుండునని కోరుకున్నాను.

మూడో రోజు సాయంత్రం బస్సుకు వచ్చింది. సమాధి దగ్గరి నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళ నిండా ఎర్రమట్టి. స్నానానికి నీళ్ళు కాచి పెట్టాను. ఆమె సంచి అరుగు మీద పెట్టి, నీళ్ళ వైపు చూడకుండా, ఆ కాళ్ళతోనే పురుగుల గదిలోకి పోయింది. మా అత్త చూసి అరుగు మీంచి లేచి నిలబడింది. నేను గడప బయటే నిలబడ్డాను. లోపల అక్క ఒక్కొక్క తట్టా లాగి, ఆకు పైకి ఎత్తి, పురుగుల్ని చూసుకుంది.

"ఆకు మందంగా పరిచినావు. కింది పురుగుకు గాలి ఆడదు" అంది.

చేసినదానికి నేను కూడా ఏదో ఒకటి పోగొట్టుకోవాలని ఉంది. ఇంకేమీ తోచలేదు. "అక్కా, మన దిబ్బను వేరు చేసుకుందామా? మా పేడ మేము ఇంకో చోట వేసుకుంటాం" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. ఆకు పలచన చేస్తూనే ఉంది.

"దిబ్బ యేం చేసిందమ్మా?" అంది.

ఎక్కువైన ఆకును గంపలో వేసి గడప దగ్గరికి జరిపింది. నేను దాన్ని ఎత్తుకుపోయి ఆవులకు వేశాను.